ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది: భాగస్వామ్య సంస్థలన్నిటినీ కొత్త పద్ధతికి మార్చడం ఎలా

ప్రశ్న: మాది మధ్యస్థాయి తయారీ సంస్థ. 60 మంది దాకా సరఫరాదారులు, కొందరు పంపిణీదారులు, ఇద్దరు రవాణాదారులు ఉన్నారు. ఆర్డర్లు, సరుకు పంపిన వివరాలు, ఇన్‌వాయిస్‌లు అన్నీ ఎలక్ట్రానిక్‌గా నడవాలని, ప్రతి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) మీదా బార్‌కోడ్ లేబుల్ ఉండాలని అనుకుంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాం, అందరికీ ఉత్తరాలు పంపాం. సగం మంది ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

పలకని వాళ్లకు టెక్నాలజీ అంటే భయమని అనుకోకండి. వాళ్లు లెక్క వేసుకున్నారు, అందులో తమకు మిగిలేదేమీ కనిపించలేదు. లేబుల్ అచ్చువేసి అతికించేది సరఫరాదారు. దాన్ని ఒక్కసారి స్కాన్ చేసి, సరుకు దించుకునే పని తొందరగా ముగించుకునేది మీ గోదాము. ఒకే సంస్థలో అయితే ఒక విభాగం ఖర్చు ఇంకో విభాగం లాభంలో కలిసిపోతుంది, ఎందుకంటే గల్లాపెట్టె ఒకటే. వేర్వేరు సంస్థల మధ్య ఆ సర్దుబాటు దానంతట అది జరగదు. ఎవరో పూనుకుని జరిపించాలి, ఈ వ్యవహారంలో ఆ పని మీదే.

అందుకని ముందు ఒక పట్టిక వేయండి. నిలువు గళ్లలో ఐదు పత్రాలు రాయండి: ఆర్డరు, ఆర్డరు ఖరారు, సరుకు బయల్దేరిందని చెప్పే ముందస్తు సమాచారం (వాడుకలో ఏఎస్ఎన్), అందిన రసీదు, ఇన్‌వాయిస్. అడ్డ వరుసల్లో భాగస్వాముల రకాలు రాయండి. ఒక్కో గడిలో మొదట్లో పడే ఖర్చు, ప్రతి పత్రానికీ పడే శ్రమ, దానివల్ల ఎవరికి ఏ పని తగ్గుతుందో నింపండి. పట్టిక పూర్తయ్యేసరికి బొమ్మ తేలుతుంది. ఎలక్ట్రానిక్ ఆర్డరు ఇద్దరికీ లాభమే, ఎందుకంటే సరఫరాదారు దాన్ని మళ్లీ టైపు చేసుకోనక్కర్లేదు. ఏఎస్ఎన్, లేబుల్ లాభం దాదాపు పూర్తిగా మీదే. ఇన్‌వాయిస్ వల్ల సరఫరాదారుకు లాభం ఉండాలంటే డబ్బు ముందుగా చేతికి రావాలి, లేకపోతే అది అతనికి ఇంకో తలనొప్పి.

ఈ అసమతూకాన్ని పట్టించుకోని పెద్దవాళ్లు కూడా చేతులు కాల్చుకున్నారు. 2003 జూన్‌లో వాల్‌మార్ట్ తన అగ్రశ్రేణి సరఫరాదారులు 100 మందిని 2005 జనవరికల్లా పెట్టెలకు, ప్యాలెట్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో చదివే గుర్తింపు చీటీలు) పెట్టమంది. ట్యాగు ఖర్చు సరఫరాదారుది, నిల్వ స్పష్టంగా కనిపించే లాభం దుకాణానిది. దానికి తోడు ఆ ట్యాగులు వాడే యూహెచ్‌ఎఫ్ రేడియో తరంగాలను ద్రవాలు పీల్చేస్తాయి, లోహాలు తిప్పికొడతాయి. డబ్బా సరుకుల మీద, సీసాల మీద చదవడం నమ్మకంగా సాగలేదు. చాలామంది బయటికి వెళ్లే చివరి గుమ్మం దగ్గర ట్యాగు అతికించి ఊరుకున్నారు, సొంత పనిలో దాన్ని వాడుకోలేదు. తర్వాతి కాలంలో ఆ టెక్నాలజీ బట్టల వ్యాపారంలో బాగా కుదురుకుంది. అక్కడ సైజులు, రంగుల లెక్క తేలడం వల్ల లాభం నేరుగా కనిపిస్తుంది, బట్ట తరంగాలకు అడ్డు రాదు.

యాజమాన్యం ఎవరిదన్నది ఇంకో చిక్కు. మేర్‌స్క్, ఐబీఎం కలిసి తెచ్చిన ట్రేడ్‌లెన్స్ కంటెయినర్ రవాణా పత్రాలన్నిటినీ ఒకే వేదిక మీదికి తేవాలనుకుంది. ఆ రంగంలోని పోటీదారులకు మొదటి నుంచీ ఒకటే అనుమానం: మన పోటీదారు చేతిలో ఉన్న వేదికలో మన సమాచారం ఎందుకు పోయాలి? కొన్ని పెద్ద సంస్థలు తర్వాత చేరాయి గానీ, మూసేస్తున్నామని 2022 నవంబరులో ప్రకటించినప్పుడు పరిశ్రమ అంతా కలిసి రాకపోవడాన్నే కారణంగా చెప్పారు. బ్యాంకుల మధ్య సందేశాలు మోసే స్విఫ్ట్ దీనికి పూర్తిగా భిన్నం. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు సహకార సంస్థగా పెట్టుకున్నాయి, అంటే వాడేవాళ్లే యజమానులు. 1977లో సందేశాలు మొదలయ్యాయి, ఇప్పటికీ నడుస్తోంది. మీ 60 మందికి సహకార సంస్థ అక్కర్లేదు. కానీ సరఫరాదారుల్లో ఒకరికొకరు పోటీదారులు ఉంటారు కాబట్టి ఒకరి ధరలు, పరిమాణాలు ఇంకొకరి కంట పడవని రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. వాళ్లు పంచుకున్న నిల్వ లెక్కలను ధర తగ్గించమని బేరమాడటానికి వాడబోమని కూడా అదే కాగితంలో రాయండి. రెండో వాక్యం మీ కొనుగోలు విభాగానికి నచ్చదు. అయినా అదే ముఖ్యం, ఎందుకంటే ఒక్కసారి అలా బేరమాడితే ఆ తర్వాత వచ్చే లెక్కలన్నీ అబద్ధాలే.

ఇక లాభాన్ని ఎలా పంచాలి? మూడు దారులు పనిచేస్తాయి. ఒకటి, డబ్బు వేగం: ఏఎస్ఎన్, రసీదు, ఇన్‌వాయిస్ మూడూ సరిపోలితే మామూలు గడువుకన్నా 10 లేదా 15 రోజుల ముందే చెల్లింపు. చిన్న సంస్థలకు ఇంతకు మించిన ఆకర్షణ లేదు. రెండు, ముందస్తు అంచనా: రాబోయే 8 నుంచి 12 వారాలకు మీకు కావలసిన సరుకు లెక్క వాళ్లకు వారం వారం పంపడం. మూడు, పరికరాలు: లేబుల్ ప్రింటరు, మొదటి ఏడాది లేబుళ్లు మీరే ఇవ్వడం. ప్రింటరు ఖర్చుకన్నా 60 మంది 60 రకాల లేబుళ్లు అచ్చువేస్తే వచ్చే నష్టమే ఎక్కువ.

బలవంతం అసలు వద్దనను. అది ఎలాంటి బలవంతమో చూసుకోవాలి. అమెరికాలో చిప్ కార్డులకు మారేటప్పుడు కార్డు నెట్‌వర్కులు ఎవరికీ జరిమానా వేయలేదు. 2015 అక్టోబరు నుంచి దొంగ కార్డు వల్ల నష్టం వస్తే, చిప్‌కు మారని పక్షమే దాన్ని భరించాలన్నాయి. నష్టం ఆపగలిగి కూడా ఆపని వాడి మీద పడటంతో లెక్క దానంతట అదే సరిపోయింది. పెట్రోలు పంపుల్లో పరికరాలు మార్చడం కష్టమైన పని కాబట్టి ఆ గడువును 2017 నుంచి పొడిగిస్తూ 2021 ఏప్రిల్ దాకా తెచ్చారు, ఆ వెసులుబాటు కూడా గమనించదగ్గదే. మీ విషయంలో ఇలా రాయవచ్చు: సరైన లేబుల్, ఏఎస్ఎన్ ఉన్న సరుకుకు మీ గోదాము లెక్కలో తేడా వస్తే నష్టం మీది, అవి లేని సరుకుకు వస్తే సరఫరాదారుది. ఈ నియమం కూడా ఆర్నెల్ల తర్వాతే అమలు కావాలి. మొదటి నెలలోనే చెల్లింపుల్లో కోతలు మొదలుపెడితే వాళ్లు సమస్యలను మీకు చెప్పడం మానేసి దాచడం నేర్చుకుంటారు.

ఇప్పుడు పద్ధతి సంగతి. సొంత ఫార్మాట్ తయారుచేసుకునే ఆలోచన ఉంటే మానుకోండి. మీ సరఫరాదారుకు మీలాంటి కొనుగోలుదారులు ఇంకో ఏడుగురు ఉంటారు, తలా ఒక ఫార్మాట్ పెడితే అతను ఏ ఒక్కటీ సరిగా చేయలేడు. ఉత్తర అమెరికాలో ఎక్స్12, మిగతా చోట్ల ఎక్కువగా ఎడిఫ్యాక్ట్ అనే ఎలక్ట్రానిక్ పత్రాల ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి, రెండిట్లో మీ భాగస్వాముల్లో ఎక్కువమంది దగ్గర ఉన్నది తీసుకోండి. ప్రమాణం పేరు చెప్పి వదిలేస్తే సరిపోదు. ఎడిఫ్యాక్ట్ ఏఎస్ఎన్ సందేశంలో ఐచ్ఛికమైన భాగాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలో మీకు కచ్చితంగా కావలసిన 20, 25 గడులను ఏరి, ఒక్కోదానికి నిజమైన ఉదాహరణ ఇచ్చి, పది పేజీలు దాటని మార్గదర్శిని రాయండి. తేదీ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలో 8 అంకెలుగా ఉండాలి. లేకపోతే 03/04 మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అని ఫోన్లు మొదలవుతాయి.

అందరినీ ఒకే గాటన కట్టకండి. ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న పెద్దవాళ్లకు నేరుగా కలిసే దారి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉన్నవాళ్లకు ఫైలు ఎక్కించే దారి, నెలకు పది ఆర్డర్లు మించనివాళ్లకు వెబ్ పేజీ ఇవ్వండి. వెబ్ పేజీ మీకు చవక. సరఫరాదారుకు మాత్రం తన సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, మీ పేజీలో ఇంకోసారి టైపు చేసే డబుల్ చాకిరీ. అందుకే ఆర్డరులోని వివరాలన్నీ ముందే నిండి ఉండి, అతను పరిమాణం, లాట్ నంబరు మాత్రం దిద్దేలా ఆ పేజీని కట్టించండి.

మాస్టర్ డేటా (వస్తువుల, గోదాముల మూల వివరాలు) దగ్గర చాలా ప్రాజెక్టులు కూలబడతాయి, బయటికి మాత్రం సాఫ్ట్‌వేర్ బాగాలేదని చెప్పుకుంటారు. మొదటి సందేశం పంపేలోపు ప్రతి వస్తువుకూ ఇద్దరి రికార్డుల్లోనూ ఒకే జీటీఐఎన్ (వస్తువు గుర్తింపు సంఖ్య), ప్రతి గోదాముకూ ఒకే జీఎల్ఎన్ (స్థలం గుర్తింపు సంఖ్య) ఉన్నాయని సరిచూడాలి. జీఎల్ఎన్ 13 అంకెలు. జీటీఐఎన్ 8, 12, 13 లేదా 14 అంకెలు ఉండొచ్చు కాబట్టి మీ సిస్టమ్‌లో ముందు సున్నాలు చేర్చి 14 అంకెలుగా నిల్వ చేయండి. విడి వస్తువుకు ఒక జీటీఐఎన్, 12 వస్తువుల పెట్టెకు వేరే జీటీఐఎన్ ఉండాలి. ఈ రెండూ కలగాపులగమైతే 10 పెట్టెల ఆర్డరు 10 విడి వస్తువులుగా వెళ్తుంది, లేదా 120 కావలసిన చోట 1,440 వచ్చి గోదాము గుమ్మంలో దిగుతాయి. కొలమానం కోడు, పెట్టెలో ఎన్ని వస్తువులు అన్నవి ఎవరి రికార్డు ప్రకారం సరైనవో ముందే తేల్చుకోండి. సాధారణంగా తయారుచేసినవాడి మాటే చెల్లాలి.

ఎక్సెల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జాబితాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎవరో ఒకరు ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి పంపుతారు. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెల వరకే నిలుపుతుంది. 18 అంకెల ప్యాలెట్ నంబరులో చివరి మూడూ సున్నాలైపోతాయి, ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఆ గడులన్నిటినీ టెక్స్ట్‌గా పెట్టమని చెప్పండి. చెప్పినా ఎవరో మరిచిపోతారు కాబట్టి ఫైలు ఎక్కించే చోటే అంకెల సంఖ్య, తనిఖీ అంకె (నంబరులో తప్పును పట్టించే చివరి అంకె) సరిచూసే ఏర్పాటు చేయండి. తనిఖీ అంకె లెక్క తేలిక: దాన్ని వదిలేసి కుడి చివర నుంచి అంకెలను వరుసగా 3, 1, 3, 1తో గుణించి కూడండి. ఆ మొత్తాన్ని తర్వాతి పదుల సంఖ్యకు చేర్చే అంకే తనిఖీ అంకె.

ఆ 18 అంకెల నంబరే ఎస్ఎస్‌సీసీ, ప్యాలెట్‌కు గుర్తింపు సంఖ్య. ముందు ఒక విస్తరణ అంకె, తర్వాత కంపెనీ ప్రిఫిక్స్ (సంస్థకు కేటాయించిన అంకెలు), వరుస సంఖ్య కలిపి 16 అంకెలు, చివర తనిఖీ అంకె. ఒకసారి వాడిన నంబరును కనీసం ఏడాది వరకు మళ్లీ వాడకూడదు. లేబుల్ మీద బార్ల ఎత్తు 32 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ప్యాలెట్ మీద బార్‌కోడ్ అడుగు నుంచి 400, 800 మిల్లీమీటర్ల మధ్య ఎత్తులో, నిలువు అంచుకు కనీసం 50 మిల్లీమీటర్ల లోపలికి ఉండాలి. అంచు దగ్గర అతికిస్తే చుట్టిన ప్లాస్టిక్ ముడతల్లో పడి స్కానరు చదవదు. ప్లాస్టిక్ చుట్టడం అయ్యాకే లేబుల్ పడాలి.

థర్మల్ ప్రింటరు హెడ్‌లో ఒక్క చుక్క కాలిపోయినా, లేబుల్ బయటికొచ్చే దిశలో సన్నటి తెల్ల గీత పడుతుంది. బార్లు ఆ దిశకే సమాంతరంగా ఉంటే ఆ గీత ఒక బారును చీల్చేస్తుంది, కోడు పనికిరాదు. అడ్డంగా ఉంటే అన్ని బార్లనూ కొద్దికొద్దిగా తెంపుతుందంతే, స్కానరు చదివేస్తుంది. ప్యాలెట్ లేబుళ్ల మీద బార్లు నిలువుగా ఉండాలి గనుక వీలైతే లేబుల్‌ను పక్కకు తిప్పి అచ్చువేసేలా డిజైన్ చేయండి. రోజూ మొదటి లేబుల్‌ను పరీక్షించాలి, రోల్ మార్చినప్పుడల్లా హెడ్‌ను ఆల్కహాల్‌తో తుడవాలి.

ఏఎస్ఎన్ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. తప్పుల మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏఎస్ఎన్‌ను నిజంగా లారీలోకి ఎక్కిన సరుకు నుంచి కాకుండా ఆర్డరు నుంచి తయారుచేస్తారు. ఆఫీసులో మధ్యాహ్నం పత్రం పంపేస్తారు. సాయంత్రం లోడింగు దగ్గర రెండు పెట్టెలు తగ్గుతాయి, ఒక ప్యాలెట్ రేపటికి ఆగుతుంది. పత్రం మాత్రం మారదు. చివరి ప్యాలెట్ స్కాన్ అయి లారీ తలుపు మూసినప్పుడే ఏఎస్ఎన్ బయల్దేరాలి, మార్గదర్శినిలో ఈ వాక్యం మొదటి పేజీలోనే ఉండాలి. దగ్గరి దూరాల్లో పత్రంకన్నా ముందే లారీ వచ్చేయడం ఇంకో ఇబ్బంది. పావుగంటలో చేరని ఏఎస్ఎన్ ఆ దూరాల్లో పనికిరాదు, కాబట్టి రాత్రికొకసారి గుంపుగా పంపే ఏర్పాటు ఉంటే తీసేయించండి.

ఏఎస్ఎన్‌కూ నిజంగా వచ్చిన సరుకుకూ సరిపోలిక శాతాన్ని వరుసల వారీగా లెక్కించండి, పత్రాల వారీగా వద్దు. నా కొలమానం ఇది: ఒక సరఫరాదారు వరుసగా ఎనిమిది వారాలు 98 శాతం దాటితే అతని సరుకును లెక్కపెట్టకుండా దించుకుని, 20 ప్యాలెట్లకు ఒకదాన్ని మాత్రం విప్పి చూడండి. 95 కన్నా తగ్గితే మళ్లీ పూర్తి లెక్క. ఈ సంఖ్యలు ఏ ప్రమాణంలోవీ కావు, మీ సరుకు విలువను బట్టి మార్చుకోండి.

ధృవీకరణలు మూడు అంచెల్లో ఉంటాయి, వాటిని ఒకటిగా భావించడం వల్ల గొడవలు వస్తాయి. ఫైళ్లను ఇంటర్నెట్ మీద భద్రంగా పంపే ఏఎస్2 పద్ధతిలో తిరిగొచ్చే ఎండీఎన్ రసీదుకు ఫైలు చేరిందన్నంత వరకే అర్థం. ఎక్స్12లో 997, ఎడిఫ్యాక్ట్‌లో కంట్రోల్ సందేశం ఫైలు నిర్మాణం సరిగా ఉందని చెబుతాయి. సరుకు ఇస్తానని సరఫరాదారు ఒప్పుకున్నాడనేది ఆర్డరు ఖరారు సందేశంలో మాత్రమే ఉంటుంది, ఎక్స్12లో అది 855. ఎండీఎన్ చూసి ఆర్డరు ఖాయమైందని కొనుగోలు విభాగం నమ్మితే, పది రోజుల తర్వాత లారీ ఆగే ప్లాట్‌ఫారం ఖాళీగా కనిపిస్తుంది. రసీదు రాలేదని ఫైలును మళ్లీ పంపినప్పుడు అదే ఆర్డరు రెండుసార్లు నమోదు కాకుండా, పంపినవారి కోడు, పత్రం నంబరు జంటను చూసి రెండోదాన్ని పక్కన పెట్టేలా ఇద్దరి వైపూ ఏర్పాటు ఉండాలి. ఏఎస్2 సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది. 30 మంది ఆ దారిలో ఉన్నారంటే ఏడాది పొడవునా ఎవరిదో ఒకరిది ముగుస్తూనే ఉంటుంది. గడువు తేదీలన్నీ ఒక క్యాలెండర్‌లో పెట్టి, 30 రోజుల ముందే కొత్తవి ఇచ్చిపుచ్చుకోండి. ఇది చూసే బాధ్యత ఒక విభాగానికి కాదు, ఒక మనిషికి, అతను లేనప్పుడు ఇంకో మనిషికి పేరు పెట్టి అప్పగించండి.

పైలట్‌కు, అంటే ముందుగా చేసే చిన్న ప్రయోగానికి, ఆరుగురు చాలు. ఉత్సాహవంతులనే ఎంచుకుంటే ఏమీ తెలియదు. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు మధ్యస్థాయి, ఒక బాగా చిన్న సంస్థ, డేటా గజిబిజిగా ఉందని అందరికీ తెలిసిన సంస్థ ఒకటి ఉండాలి. ఇద్దరు రవాణాదారుల్లో ఒకరైనా చేరాలి, ఎందుకంటే దారిలో ప్యాలెట్‌ను విప్పి రెండు లారీల్లో సర్దేది వాళ్లే. సాఫీగా వెళ్లిన ఆర్డరుతో పరీక్ష పూర్తయిందనుకోకండి. ఈ సందర్భాలన్నీ కావాలని సృష్టించి చూడండి:

- ఆర్డరులో కొంత మాత్రమే వచ్చింది
- ఒక ఆర్డరు రెండు లారీల్లో వచ్చింది, రెండు ఆర్డర్లు ఒకే లారీలో వచ్చాయి
- ఖరారు చేశాక ఆర్డరు రద్దయింది
- ఇన్‌వాయిస్ ధర ఆర్డరు ధరతో కలవలేదు
- అదే ఫైలు రెండుసార్లు వచ్చింది
- సరుకు తిరిగి పంపాలి
- నెట్‌వర్క్ పోయింది, లారీ గుమ్మంలో ఉంది

చివరిదానికి జవాబు కాగితం మీద ముందే రాసి గోడకు అంటించాలి: లేబుల్ ఎలాగూ ప్యాలెట్ మీద ఉంది, స్కానరులో నంబర్లు నిల్వ చేసుకుని సరుకు దించుకోండి, నెట్ వచ్చాక జత చేయండి.

పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన నడిచే కాలం 8 నుంచి 12 వారాలు ఉంటే మంచిది. అంతకన్నా సాగదీస్తే అనుమానం వచ్చినప్పుడల్లా అందరూ కాగితాన్నే నమ్ముతారు, కొత్తదాంట్లో తప్పులను ఎవరూ దిద్దరు. కాగితం ఆగే తేదీని పైలట్ మొదలైన రోజే చెప్పండి. మిగతావాళ్లను పది పదిహేను మంది చొప్పున జట్లుగా తీసుకురండి, జట్టుకూ జట్టుకూ మధ్య కనీసం మూడు వారాల విరామం ఉంచండి. ఆ విరామంలో దిద్దుబాట్లు జరగకపోతే అవే తప్పులు పది రెట్లవుతాయి.

నడక మొదలయ్యాక మార్పుల అదుపు అవసరం. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కొత్త గడిని తప్పనిసరి చేయడం మీకు పది నిమిషాల పని, కానీ 60 చోట్ల మార్పు. ఏడాదికి రెండుసార్లకు మించి ఫార్మాట్ మార్చకండి, ప్రతిసారీ మూడు నెలల ముందు చెప్పండి, పాత వెర్షన్‌ను కనీసం ఆర్నెల్లు అంగీకరించండి. సీమాంతర చెల్లింపులను ఐఎస్ఓ 20022 అనే కొత్త సందేశ ప్రమాణానికి మార్చేటప్పుడు స్విఫ్ట్ 2023 మార్చి నుంచి 2025 నవంబరు దాకా పాత, కొత్త సందేశాలను రెండిటినీ నడిపింది. మార్పుల నిర్ణయం మీ ఐటీ విభాగం ఒక్కటే తీసుకోకుండా, నలుగురైదుగురు సరఫరాదారుల ప్రతినిధులు, ఒక రవాణాదారు ఉన్న చిన్న బృందం నెలకొకసారి గంటసేపు కూర్చుని చూడాలి. అందులో ఒక చిన్న సంస్థకు తప్పక చోటు ఇవ్వండి. ఏ మార్పు ఎవరి నడుం విరుస్తుందో ముందుగా చెప్పగలిగేది వాళ్లే.

ఇంత చేసినా నలుగురైదుగురు రారు. వాళ్ల సరుకు ప్రత్యేకమైనదై, వేరే దారి లేకపోతే వాళ్ల వెంట పడటం దండగ. లారీ రాగానే మీ గుమ్మం దగ్గరే లేబుల్ అచ్చువేసి, వివరాలు మీ మనుషులే ఎక్కించే చిన్న బల్ల ఒకటి పెట్టండి. ఆ బల్లకు నెలకు అయ్యే ఖర్చు రాసి ఉంచి, వచ్చే ఏడాది ధరల చర్చలో ముందు పెట్టండి.